జి.డి.నాయుడు

గోపాలస్వామి దొరైస్వామి నాయుడు (మార్చి 23, 1893 - జనవరి 4, 1974) కోయంబత్తూరుకు చెందిన ప్రముఖ ఆవిష్కర్త, పారిశ్రామికవేత్త, దాత. జి.డి.నాయుడుగా సుప్రసిద్ధుడు. తమిళనాడులోని కొంగునాట స్థిరపడిన తెలుగు రైతు కుటుంబంలో జన్మించాడు. ప్రాథమిక విద్యతోనే బడి మానివేసి, ఒక పాత మోటారు సైకిలును కొని, దానిని విప్పి తిరిగి బిగించడం ద్వారా యంత్రవిద్యను సొంతంగా నేర్చుకున్నాడు. ఒక్క బస్సుతో ప్రారంభించిన రవాణా వ్యాపారాన్ని దక్షిణ భారతదేశంలోని పెద్ద బస్సు సంస్థలలో ఒకటిగా తీర్చిదిద్దాడు. విద్యుత్ క్షురకము, ఓట్లను నమోదుచేసే యంత్రము, కిరోసిన్‌తో నడిచే పంకా వంటి అనేక పరికరాలను రూపొందించినందువలన ఇతనికి భారతదేశపు ఎడిసన్ అనే పేరు వచ్చింది. 1952లో ఇతని కర్మాగారం నుండి వెలువడిన రెండు సీట్ల చిన్న కారు ప్రభుత్వ అనుమతి లభించక ఉత్పత్తికి నోచుకోలేదు.

== నేపథ్యం ==

విజయనగర సామ్రాజ్య కాలంలోను, ఆ తరువాత మదురై నాయకుల పాలనలోను అనేక తెలుగు కుటుంబాలు తమిళ దేశానికి వలస వెళ్ళాయి. వాటిలో కొన్ని కోయంబత్తూరు పరిసరాలలోని నల్లరేగడి భూములలో వ్యవసాయం చేసుకుంటూ స్థిరపడ్డాయి. ఈ కుటుంబాలవారు ఇంటిలో తెలుగు, వీధిలో తమిళము మాట్లాడుతూ తరాలు గడిపారు. పంటలలో పత్తి ముఖ్యమైనది కావడం వలన ఇరవయ్యవ శతాబ్దం ఆరంభంలో వీరిలో కొందరు పత్తి గింజలు తీసే మిల్లులు, నూలు మిల్లులు స్థాపించి పారిశ్రామికవేత్తలుగా ఎదిగారు. జి.కుప్పుస్వామి నాయుడు 1910లో ప్రారంభించిన లక్ష్మీ మిల్స్, 1926లో ఏర్పడిన పి.ఎస్.జి. ధర్మసంస్థ ఇందుకు ఉదాహరణలు. జి.డి.నాయుడు ఈ వాతావరణంలోనే పెరిగినా ఇతని దారి మిల్లుల వైపు కాక మోటారు వాహనాల వైపు సాగింది.

== బాల్యం ==

నాయుడు కోయంబత్తూరుకు తూర్పున, సూలూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో జన్మించాడు. తండ్రి గోపాలస్వామి నాయుడు రైతు. తల్లి ఇతని పసితనంలోనే మరణించింది. బడిలో కూర్చుని పాఠాలు వినడం ఇతనికి రుచించలేదు. ప్రాథమిక తరగతులు దాటకుండానే చదువు ఆగిపోయింది. ఆ తరువాత తండ్రికి పొలం పనులలో సహాయపడుతూ, దొరికిన పుస్తకాలను తనంత తానే చదువుకునేవాడు. బడి చదువు లేకపోయినా చదివే అలవాటును జీవితాంతం విడిచిపెట్టలేదు.

== మోటారు సైకిలు ==

1912 ప్రాంతంలో నాయుడు మొట్టమొదటిసారిగా ఒక మోటారు సైకిలును చూశాడు. అది లంకాషైర్ అనే ఆంగ్లేయ రెవెన్యూ అధికారికి చెందిన రడ్జ్ కంపెనీ వాహనం. ఎద్దులుగాని గుర్రముగాని లేకుండా తనంత తానే నడిచే బండి ఆ పల్లెటూరి యువకుడిని అమితంగా ఆకర్షించింది. దానిని ఎలాగైనా సంపాదించాలనే పట్టుదలతో ఇల్లు విడిచి కోయంబత్తూరు చేరి ఒక హోటలులో సర్వరుగా పనికి కుదిరాడు. సుమారు మూడేళ్ళపాటు జీతాన్ని కూడబెట్టి, ఆ అధికారి వద్దనే ఆ వాహనాన్ని కొన్నాడు. దాని వెల 300 రూపాయలని చెబుతారు.

కొన్న బండిపై తిరగడంతో నాయుడు తృప్తిపడలేదు. దానిని పూర్తిగా విప్పి, ఒక్కొక్క భాగం చేసే పనిని పరిశీలించి, మళ్ళీ యథాప్రకారం బిగించాడు. ఇతని యంత్రవిద్యకు ఇదే ఆరంభం.

=== ఆనాటి మోటారు సైకిలు నిర్మాణం ===

ఈ సంఘటన ప్రాముఖ్యాన్ని గ్రహించాలంటే ఆనాటి మోటారు సైకిలు ఎలా ఉండేదో తెలుసుకోవాలి. ఇంగ్లాండులోని కోవెంట్రీ నగరానికి చెందిన రడ్జ్-విట్‌వర్త్ కంపెనీ మొదట సైకిళ్ళు తయారుచేసేది. 1910-11 ప్రాంతంలో మోటారు సైకిళ్ళ తయారీలో ప్రవేశించింది. ఆ వాహనాలలో సుమారు 500 ఘనపు సెంటీమీటర్ల ఒంటి సిలిండరు ఇంజను ఉండేది. ఇంజను శక్తి తోలు లేదా రబ్బరు బెల్టు ద్వారా వెనుక చక్రానికి చేరేది. బ్యాటరీ అవసరం లేకుండా మాగ్నెటో అనే పరికరం నిప్పురవ్వను పుట్టించేది. స్ప్రింగు ముందు చక్రపు ఫోర్కుకు మాత్రమే ఉండేది. వెనుక చక్రం నేరుగా ఫ్రేముకు బిగించబడి ఉండటం వలన దారిలోని ప్రతి గుంతా నడిపేవాని నడుముకు తెలిసేది. ఇదే కంపెనీ వాహనం 1914లో ఐల్ ఆఫ్ మాన్ ద్వీపంలో జరిగిన సీనియర్ టి.టి. పందెంలో గెలుపొందింది.

ఇటువంటి యంత్రంలో దాదాపు అన్ని భాగాలు కంటికి కనిపించేవి. కార్బురేటరు, వాల్వు, బెల్టు, స్ప్రింగు దేనికి ఏది కలుస్తుందో చూసి తెలుసుకోవచ్చును. కాబట్టి విప్పడం అంత కష్టం కాదు. తిరిగి బిగించడంలోనే అసలు పరీక్ష ఉంటుంది. పిస్టను సిలిండరులో పై అంచుకు చేరబోయే క్షణానికి సరిగ్గా నిప్పురవ్వ పుట్టేటట్లు మాగ్నెటోను అమర్చాలి. రవ్వ ముందుగా పుడితే ఇంజను ఎదురుతన్నుతుంది, ఆలస్యమైతే బలం తగ్గుతుంది. ఇవన్నీ నేర్పే గురువుగాని, అర్థమయ్యే భాషలో పుస్తకముగాని లేని చోట, తప్పు జరిగితే బండి కదలదన్న ఒక్కటే పాఠం. మూడేళ్ళ సంపాదన మొత్తాన్ని విప్పిన ముక్కల రూపంలో నేలపై పరచిన యువకుడికి అది చిన్న సాహసం కాదు.

== పత్తి వ్యాపారం ==

మోటారు సైకిలుతో నేర్చిన విద్య నాయుడుకు మెకానిక్కు పనిని చూపింది. ఆ తరువాత మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో తిరుప్పూరులో పత్తి వ్యాపారం ప్రారంభించి లాభాలు గడించాడు. ఆ ధైర్యంతో బొంబాయి పత్తి మార్కెట్టులో ప్రవేశించి, అక్కడి పెద్ద వర్తకుల ముందు నిలువలేక సంపాదించినదంతా పోగొట్టుకున్నాడు. తిరిగి కోయంబత్తూరు వచ్చి మోటారు వాహనాల పనినే ఆశ్రయించాడు. ధరల ఊహాగానంపై ఆధారపడిన వ్యాపారం వైపు ఆ తరువాత ఇతని మనసు పోలేదు.

== బస్సు సర్వీసులు ==

కోయంబత్తూరు పారిశ్రామికాభివృద్ధికి ఆద్యుడైన ఆంగ్లేయుడు రాబర్ట్ స్టేన్స్ (1841-1936) నాయుడు పనితనాన్ని గుర్తించాడు. కాఫీ వ్యాపారంతో ప్రారంభించి 1888లో కోయంబత్తూరులో నూలు మిల్లును నెలకొల్పిన ఈయన, నాయుడు సొంతంగా బస్సు కొనుక్కోవడానికి ప్రోత్సహించి, ఖరీదులో కొంత భాగాన్ని అప్పుగా సమకూర్చాడు.

1920లో నాయుడు పొళ్ళాచి - పళని మధ్య తన మొదటి బస్సును నడపసాగాడు. తానే డ్రైవరు, తానే మెకానిక్కు. ఈ మార్గం ఎంపిక గమనించదగినది. పోదనూరు నుండి పొళ్ళాచి వరకు 1915లోనే రైలు వచ్చింది. కాని పొళ్ళాచి నుండి పళని మీదుగా దిండిగల్లుకు రైలుమార్గం 1928లోగాని ప్రారంభం కాలేదు. పళని ప్రసిద్ధ సుబ్రహ్మణ్య క్షేత్రం కావడం వలన ఏడాది పొడవునా యాత్రికులు వస్తారు. పొళ్ళాచి సంత కూడా పెద్దది. రైలు దిగిన యాత్రికులకు పళని చేరడానికి అప్పటివరకు ఎద్దుబండ్లే ఆధారంగా ఉండేవి. ఆ ఖాళీని నాయుడు బస్సు పూరించింది.

యూనివర్సల్ మోటార్ సర్వీస్ అనే పేరుతో, క్లుప్తంగా యు.ఎం.ఎస్. అని పిలువబడిన ఈ సంస్థ క్రమంగా విస్తరించి, 1930ల నాటికి రెండు వందలకు మించిన బస్సులను నడిపింది. వేళ తప్పకుండా నడవడం ఈ సర్వీసుకు పేరు తెచ్చింది. ప్రయాణికులు నిండేవరకు బస్సును నిలిపి ఉంచడం అప్పటి సాధారణ అలవాటు. నిర్ణీత సమయానికి బయలుదేరే బస్సును ప్రయాణికులు నమ్ముకోగలిగారు. టిక్కెట్లు ఇచ్చే యంత్రము, ఇంజను అదురును పరీక్షించే పరికరము నాయుడు తన బస్సుల కోసం రూపొందించిన వాటిలో ఉన్నాయని చెబుతారు.

=== బస్సుల మరమ్మతు ===

ఆ రోజులలో బస్సులు పూర్తిగా తయారై వచ్చేవి కావు. ఇంజను, చట్రము, ఇరుసులు, చక్రాలు మాత్రమే విదేశాల నుండి ఓడలలో వచ్చేవి. వాటిపై చెక్కతో బాడీ నిర్మించడం స్థానిక వడ్రంగుల పని. విదేశీ రోడ్లకు, నిర్ణీత బరువుకు సరిపోయేటట్లు చేసిన చట్రాన్ని ఇక్కడి మట్టిరోడ్లపై, యాత్రికులతోను మూటలతోను నింపి నడపవలసి వచ్చేది. ఈ తేడాను మొదట భరించవలసినవి స్ప్రింగులు.

బస్సుకు, ఇరుసుకు మధ్య ఉండే స్ప్రింగు కొద్దిగా విల్లులా వంచిన ఉక్కు పట్టీల కట్ట. అన్నిటికంటె పొడవైన పట్టీ రెండు కొసలు చట్రానికి తగులుకొని ఉంటాయి. దాని క్రింద క్రమంగా పొడవు తగ్గుతూ మిగిలిన పట్టీలు పేర్చి, మధ్యలో బోల్టుతో బంధించి, యు ఆకారపు బోల్టులతో ఇరుసుకు బిగిస్తారు. చక్రం గుంతలో పడినప్పుడు ఈ కట్ట వంగి ఆ దెబ్బను మింగుతుంది. పట్టీల మధ్య రాపిడి వలన ఊగిసలాట త్వరగా ఆగుతుంది. ఎక్కువ బరువు మోయడానికి అదనంగా ఒక పట్టీ చేర్చవచ్చును. అయితే పట్టీ చేర్చిన కొద్దీ స్ప్రింగు గట్టిపడుతుంది, ఖాళీగా నడిచేటప్పుడు బస్సు ఎగిరెగిరి పడుతుంది, చెక్క బాడీ కీళ్ళు వదులవుతాయి. తక్కువ పట్టీలతో నడిపితే ప్రయాణం మెత్తగా ఉన్నా బరువుకు పట్టీ విరుగుతుంది. విరిగిన పట్టీకి బదులు మరొకటి విదేశం నుండి రావాలంటే నెలలు పట్టేది. ఆ లోపల బస్సు నిలిచిపోతే రాబడి కూడా నిలిచిపోతుంది.

అందువలన బస్సుల యజమానికి సొంత కార్ఖానా ఉండటం అవసరమయ్యింది. నాయుడు సంస్థలో మరమ్మతు పని క్రమంగా తయారీ పనిగా మారింది. బస్సుల కోసం ఏర్పడిన కార్ఖానాలు, పనివారు, పనిముట్లు లేకుండా ఆ తరువాతి ఆవిష్కరణలు సాధ్యమయ్యేవి కావు.

== విద్యుత్ మోటారు ==

నీలగిరులలోని పైకారా జలవిద్యుత్ కేంద్రం 1932లో పనిచేయడం ప్రారంభించింది. దీనితో కోయంబత్తూరు ప్రాంతానికి చవకగా విద్యుత్తు అందింది. కొత్త నూలు మిల్లులు వెలిశాయి. లోతైన బావుల నుండి నీరు తోడడానికి రైతులు పంపుసెట్లు పెట్టసాగారు. వీటన్నిటికీ మోటార్లు కావాలి. అప్పట్లో అవన్నీ దిగుమతి అయ్యేవే.

ఈ అవసరాన్ని గుర్తించిన నాయుడు, డి.బాలసుందరం నాయుడుతో కలిసి పీలమేడులో నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్ అనే సంస్థను నెలకొల్పాడు. 1937లో ఇక్కడ తయారైన మోటారు భారతదేశంలో తయారైన మొదటి విద్యుత్ మోటారుగా ప్రసిద్ధికెక్కింది. బాలసుందరం తరువాత టెక్స్‌టూల్ సంస్థను స్థాపించాడు. కోయంబత్తూరు నగరం మోటార్లకు, పంపుసెట్లకు దేశంలోనే ప్రధాన కేంద్రంగా ఎదగడానికి ఈ ప్రయత్నాలు పునాది వేశాయి.

== విదేశీ పర్యటనలు ==

నాయుడు పలుమార్లు ఐరోపా, అమెరికా దేశాలు పర్యటించి అక్కడి కర్మాగారాలను పరిశీలించాడు. జర్మనీ దేశపు యంత్ర పరిశ్రమపై ఇతనికి ప్రత్యేక ఆసక్తి ఉండేది. ఆ దేశంలో హిట్లరును కలుసుకున్నాడు.

ఛాయాగ్రహణం ఇతనికి మరొక వ్యాపకం. 1936 జనవరిలో లండనులో జరిగిన ఐదవ జార్జి చక్రవర్తి అంత్యక్రియలను స్వయంగా చలనచిత్రంగా తీశాడు. మహాత్మా గాంధీ, జవహర్‌లాల్ నెహ్రూ, సుభాష్ చంద్ర బోసులను కూడా తన కెమెరాలో బంధించాడు. 1930లలో ప్రాంతీయ శాసనసభ ఎన్నికలలో స్వతంత్ర అభ్యర్థిగా పోటీచేసి ఓడిపోయాడు.

== ఆవిష్కరణలు ==

నాయుడు రూపొందించిన పరికరాలలో ముఖ్యమైనవి:

* విద్యుత్ క్షురకము: రసంట్ అనే పేరుగల ఈ గడ్డం గీసుకునే పరికరంలో డ్రై సెల్లులతో నడిచే చిన్న మోటారు ఉండేది. ఇది జర్మనీలోని హైల్‌బ్రాన్‌లో తయారయ్యింది. కరెంటు లేని ఊళ్ళలోను, ప్రయాణాలలోను ఉపయోగపడటం దీని విశేషం.
* అతి పలుచని షేవింగు బ్లేడ్లు.
* చలనచిత్ర కెమెరాలకు దూరాన్ని సరిచేసే పరికరము.
* పండ్లరసం తీసే యంత్రము.
* కిరోసిన్‌తో నడిచే పంకా: విద్యుత్తు చేరని ఇళ్ళను దృష్టిలో ఉంచుకొని చేసినది.
* ఓట్లను నమోదుచేసే యంత్రము: ఫలితాలను తారుమారు చేయడానికి వీలులేని విధంగా రూపొందించబడినది. భారతదేశంలో ఎలక్ట్రానిక్ ఓటింగు యంత్రాన్ని మొదటిసారిగా 1982లో కేరళలోని పరవూరు నియోజకవర్గంలో ఉపయోగించారు. నాయుడు మరణించిన ఎనిమిదేళ్ళకు ఇది జరిగింది.
* చవక రేడియో: ఐదు వాల్వుల రేడియోను కేవలం 70 రూపాయలకు భారతదేశంలోనే తయారుచేయగలనని 1941లో ప్రకటించాడు.

ఈ జాబితాలో ఒక ధోరణి స్పష్టంగా కనిపిస్తుంది. వీటిలో అధిక భాగం పూర్తిగా కొత్త శాస్త్ర సూత్రాలపై ఆధారపడినవి కావు. అప్పటికే ఉన్న వస్తువును చవకగా, చిన్నదిగా, స్థానిక పరిస్థితులకు తగినట్లుగా మార్చి చేసినవి. బస్సు కార్ఖానాలో అలవడిన దృష్టి ఇది.

== రెండు సీట్ల కారు ==

1952లో నాయుడు కర్మాగారం నుండి పెట్రోలు ఇంజనుతో నడిచే రెండు సీట్ల చిన్న కారు వెలువడింది. దీని వెల 2,000 రూపాయలుగా నిర్ణయించాడు. యుద్ధానంతరం ఐరోపాలో పెట్రోలు, ఉక్కు కొరత వలన చిన్న కార్లపై ఆసక్తి పెరుగుతున్న కాలమది. ఇటలీలో ఇసెట్టా, జర్మనీలో మెసర్‌ష్మిట్ మూడు చక్రాల కారు 1953లో వెలువడ్డాయి. అంటే నాయుడు ఆలోచన ప్రపంచంలోని మార్పుకు వెనుకబడినది కాదు.

అయితే కారు ఉత్పత్తికి అవసరమైన లైసెన్సు ఇవ్వడానికి ప్రభుత్వం నిరాకరించింది. అందువలన తయారీ నిలిచిపోయింది.

=== లైసెన్సు విధానం ===

పరిశ్రమల (అభివృద్ధి, నియంత్రణ) చట్టం 1951లో ఆమోదించబడి 1952 మే నెలలో అమలులోకి వచ్చింది. దీని ప్రకారం చట్టంలో పేర్కొన్న పరిశ్రమలలో కొత్త కర్మాగారం స్థాపించాలన్నా, ఉన్నదానిలో కొత్త వస్తువును తయారుచేయాలన్నా కేంద్ర ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. మోటారు వాహనాల రంగంలో అప్పటికే హిందుస్థాన్ మోటార్స్ (1942), ప్రీమియర్ ఆటోమొబైల్స్ (1944) ఉన్నాయి. విడిభాగాలను దశలవారీగా దేశంలోనే తయారుచేసే కొద్ది సంస్థలకే ఈ రంగాన్ని పరిమితం చేయాలన్నది ప్రభుత్వ విధానం. 1953లో టారిఫ్ కమిషను చేసిన సిఫారసుల తరువాత, కేవలం దిగుమతి భాగాలను బిగించి అమ్ముతూ వచ్చిన జనరల్ మోటార్స్, ఫోర్డ్ కంపెనీలు 1954 ప్రాంతంలో భారతదేశం నుండి వైదొలగాయి.

విదేశీ మారకద్రవ్యం, ఉక్కు కొరతగా ఉన్న కొత్త దేశానికి ఈ విధానంలో కొంత హేతువు ఉంది. ఒక నమూనా కారును తయారుచేయడానికీ, ఒకే నాణ్యతతో వేల కార్లను తయారుచేయడానికీ చాలా తేడా ఉన్న మాట కూడా నిజం. నమూనా కారు స్ప్రింగును ఒక నేర్పరి చేతితో సరిచేయవచ్చును. వేల కార్లలో ప్రతి స్ప్రింగు ఒకే విధంగా వంగాలంటే ఉక్కు, కొలిమి, పరీక్షలు అన్నీ ఒకే ప్రమాణంలో ఉండాలి. ఇతర దేశాలలో చిన్న కార్ఖానాలు ఈ దశను మార్కెట్టులో పోటీపడుతూ దాటాయి లేదా దాటలేక మూతపడ్డాయి. నాయుడు కారు ఆ పరీక్షకు నిలిచేదో లేదో తేలే అవకాశమే కలగలేదు. దానిని నిలిపివేసినది కొనుగోలుదారుల తీర్పు కాక అనుమతి లేకపోవడం.

సామాన్యుల కారు అనే ఆలోచన ఆ తరువాత మూడు దశాబ్దాలపాటు కమిటీల చర్చలలో నలిగింది. 1983 డిసెంబరులో మారుతి 800 విడుదలైన తరువాతనే చిన్న కారు మధ్యతరగతి ఇళ్ళకు చేరింది. లక్ష రూపాయల కారుగా పేరొందిన టాటా నానో 2009లో మార్కెట్టులోకి వచ్చింది.

== సాంకేతిక విద్య ==

1944లో నాయుడు తన మోటారు సంస్థల క్రియాశీలక బాధ్యతల నుండి తప్పుకొని, పరిశోధక విద్యార్థులకు ఉపకారవేతనాలు, తన ఉద్యోగులకు, అణగారిన వర్గాలకు సంక్షేమ పథకాలు ప్రకటించాడు. ఇతని విరాళాలతో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పాలిటెక్నిక్, ఆర్థర్ హోప్ ఇంజనీరింగు కళాశాల ఏర్పడ్డాయి. 1940 నుండి 1946 వరకు మద్రాసు గవర్నరుగా ఉన్న సర్ ఆర్థర్ హోప్ పేరు వీటికి పెట్టారు. ఇంజనీరింగు కళాశాల తరువాత వేరొక స్థలానికి మారి, గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ అనే పేరుతో కొనసాగుతున్నది.

1945లో నాయుడు ఆ కళాశాలకు ప్రిన్సిపాలుగా వ్యవహరించాడు. ప్రాథమిక తరగతులు దాటని వ్యక్తి ఇంజనీరింగు కళాశాలకు అధిపతి కావడం అసాధారణమైన విషయం. అయితే ఆ పదవిలో ఎక్కువ కాలం నిలువలేదు. ఇంజనీరింగు చదువుకు నాలుగేళ్ళు అనవసరమని, పనితో కలిపి నేర్పితే రెండేళ్ళు చాలునని ఇతని అభిప్రాయం. ప్రభుత్వం ఈ ప్రతిపాదనను అంగీకరించలేదు. నాయుడు పదవికి రాజీనామా చేశాడు. ఆ తరువాత యువకులకు రేడియో, మోటారు వాహనాలు వంటి విషయాలలో స్వల్పకాలిక శిక్షణ తరగతులను సొంతంగా నిర్వహించాడు.

ఈ వివాదంలో రెండు వైపులా బలం ఉంది. వంతెన కట్టవలసిన ఇంజనీరుకు గణితము, పదార్థ శాస్త్రము అవసరం. వాటిని త్వరపడి నేర్పలేరు. మరొక వైపు, పట్టా పుచ్చుకొని కూడా ఇంజనును స్వయంగా విప్పి చూడని విద్యార్థుల గురించి నాయుడు లేవనెత్తిన ప్రశ్న పాతబడలేదు.

== వ్యవసాయం ==

రైతు కుటుంబంలో పుట్టిన నాయుడు వ్యవసాయంపై ఆసక్తిని వదలలేదు. పత్తి, మొక్కజొన్న, బొప్పాయి పంటలలో కొత్త రకాలపై తన పొలంలో ప్రయోగాలు చేశాడు. ప్రఖ్యాత శాస్త్రవేత్త సి.వి.రామన్, ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఈ పొలాన్ని సందర్శించారు.

== మరణం, స్మారకాలు ==

నాయుడు జనవరి 4, 1974న 80 ఏళ్ళ వయసులో మరణించాడు. ఇతని కుమారుడు జి.డి.గోపాల్, తరువాతి తరంవారు సంస్థలను, ధర్మకార్యాలను కొనసాగించారు.

* 1967లో నాయుడు జీవించి ఉండగానే కోయంబత్తూరులో జి.డి.నాయుడు పారిశ్రామిక ప్రదర్శనశాల ఏర్పడింది. అవినాశి రోడ్డులోని ఈ ప్రదర్శనశాలలో ఇతను తయారుచేసిన, సేకరించిన పరికరాలను ఉంచారు.
* 2015లో ఇతని పేరిట ఉన్న ధర్మసంస్థ ఆధ్వర్యంలో జీడీ కార్ల మ్యూజియం కోయంబత్తూరులో ప్రారంభమయ్యింది. వివిధ దేశాలకు చెందిన పాతకాలపు కార్లను ఇక్కడ చూడవచ్చును.
* ఇతని జీవితంపై నిర్మించిన డాక్యుమెంటరీ చిత్రానికి 66వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలో ఉత్తమ శాస్త్ర సాంకేతిక చిత్రంగా బహుమతి లభించింది. ఈ పురస్కారాలను 2019లో ప్రకటించారు.
* కోయంబత్తూరు అవినాశి రోడ్డుపై 10 కిలోమీటర్లకు పైగా పొడవున నిర్మించిన ఎత్తైన వంతెనకు జి.డి.నాయుడు పేరు పెట్టారు. ఇది 2025 అక్టోబరులో ప్రారంభమయ్యింది.

== అంచనా ==

నాయుడును ఎడిసన్‌తో పోల్చడం పరిపాటి అయినా ఆ పోలిక ఇతని ప్రత్యేకతను పూర్తిగా పట్టుకోదు. ఎడిసన్ వెనుక పెట్టుబడిదారులు, పేటెంటు వ్యవస్థ, విశాలమైన మార్కెట్టు ఉన్నాయి. నాయుడు పరాయి పాలనలో దిగుమతి సరుకుతో, స్వతంత్ర భారతంలో అనుమతుల విధానంతో తలపడవలసి వచ్చింది. ఇతని విజయాలలో నిలిచినవి బస్సు సర్వీసులు, విద్యుత్ మోటారు, సాంకేతిక విద్యాసంస్థలు. ఈ మూడింటికీ కోయంబత్తూరు ప్రజల నిత్యావసరాలతో సంబంధం ఉంది. చిన్న కారు, చవక రేడియో, ఓటింగు యంత్రము వంటివి విస్తృతమైన ఉత్పత్తికి చేరలేదు.

మరమ్మతు చేయగలవాడు మార్పు చేయగలడని, మార్పు చేయగలవాడు తయారుచేయగలడని నాయుడు జీవితం నిరూపించింది. విదేశీ వాహనాన్ని వాడుకోవడంతో సరిపెట్టుకోకుండా దానిని విప్పి చూసే అలవాటు ఒక ప్రాంతపు పరిశ్రమకే బీజమయ్యింది. పట్టా లేని ఈ తెలుగు రైతుబిడ్డ శిక్షణలోను, సంస్థలలోను పని నేర్చుకున్నవారు కోయంబత్తూరు యంత్ర పరిశ్రమ అభివృద్ధికి తోడ్పడ్డారు.

== ముఖ్య ఘట్టాలు ==

* 1893 - కలంగల్ గ్రామంలో జననం
* 1912 ప్రాంతం - మొదటిసారిగా మోటారు సైకిలును చూడటం
* 1920 - పొళ్ళాచి - పళని మధ్య మొదటి బస్సు
* 1936 - ఐదవ జార్జి అంత్యక్రియల చిత్రీకరణ
* 1937 - పీలమేడులో విద్యుత్ మోటారు తయారీ
* 1941 - 70 రూపాయల రేడియో ప్రకటన
* 1944 - మోటారు సంస్థల బాధ్యతల నుండి విరమణ
* 1945 - ఆర్థర్ హోప్ ఇంజనీరింగు కళాశాల ప్రిన్సిపాలు
* 1952 - రెండు సీట్ల కారు
* 1967 - పారిశ్రామిక ప్రదర్శనశాల స్థాపన
* 1974 - మరణం

== ఇవి కూడా చూడండి ==

* కోయంబత్తూరు
* మోక్షగుండం విశ్వేశ్వరయ్య
* సి.వి.రామన్
* మోటారు సైకిలు

వర్గాలు: 1893 జననాలు | 1974 మరణాలు | భారతీయ ఆవిష్కర్తలు | పారిశ్రామికవేత్తలు | తమిళనాడులోని తెలుగువారు